కాలువ ఒక బెంచి, మట్టి ఒక బెంచి

మా సారు పోయారన్న కబురు నాకు బస్సులో తెలిసింది. కురుగోడు పక్కన మా ఊళ్లో పొలం చూసుకుని బళ్లారి వస్తున్నాను. ఫోను చేసింది సారు భార్య. "మీ సారు లేరమ్మా. తెల్లారేటప్పుడు పోయినారు. నిన్న సాయంత్రం గూడ నీ చేను సంగతే అడిగినారు, నీళ్లు వచ్చినాయంటనా అని. రేపు కనుక్కుంటా లెండి అని చెప్పినా," అన్నారు. ఆ పొద్దున నేను వెళ్లి వస్తున్నది ఆ నీళ్ల కోసమే. ఇంకా రాలేదు. ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను. పక్క సీటులో మిరపనారు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ "ఏమైందిమ్మా?" అని అడిగితే, "మా సారు" అని ఏడ్చేశాను.

ఆ నీళ్లేమిటో, మంచంలో ఉండి కూడా ఆయన ఎందుకు అడిగారో చెబితే సారు ఎలాంటి మనిషో మీకు తెలుస్తుంది. వేరే పొగడ్తలు ఆయనకు గిట్టవు.

సారు వాళ్లది బళ్లారి బజారులో తరాలుగా బట్టల వ్యాపారం చేస్తున్న కుటుంబం. అన్నదమ్ములందరూ గజంకర్ర పట్టుకుంటే ఈయన ఒక్కరే చాక్‌పీసు పట్టుకున్నారు. ఇంజినీరింగు కాలేజీలో లెక్కలు చెప్పారు. సత్యనారాయణపేటలో మేడ మీద రెండు గదుల్లో ఉండేవారు. నేను ఆయన దగ్గర చదువుకున్నాను, తర్వాత పరిశోధన కూడా ఆయన దగ్గరే చేశాను. ఆయన విషయం ఒక్కటే: నీరు ఒకచోట స్వేచ్ఛగా పారుతూ, ఆ పక్కనే మట్టిలోకో ఇసుకలోకో ఇంకుతూ ఉంటే, ఆ రెండింటినీ కలిపి కంప్యూటరుతో లెక్కకట్టడం ఎలా అని.

వినడానికి ఇది గొప్ప విషయంలా ఉంటుంది గానీ ఆయన చెప్పేది టీ అంగడి దగ్గర. గ్లాసులో రస్కు ముంచి, తినకుండా అలా పట్టుకుని చూస్తూ ఉండేవారు. తడి గీత మెల్లగా పైకి ఎక్కేది. ఆయన తెలుగులో కన్నడం కలిసి ఉండేది, చూడు అనడానికి నోడు, వద్దు అనడానికి బేడ. "నోడమ్మా. గ్లాసులో టీకి ఒక లెక్క. రస్కులో టీకి ఇంకొక లెక్క. రెండూ మనకు తెలుసు. మరి ఈ అంచు ఉండాదే, ఈడ ఏ లెక్క?" అని అడిగేవారు. మేం ఆలోచించే లోపల రస్కు తెగి గ్లాసులో పడిపోయేది. ప్రతిసారీ పడేది. ప్రతిసారీ చిన్నపిల్లాడిలా ఆశ్చర్యపోయి, చెంచా కోసం అంగడాయనను బతిమాలుకునేవారు.

కాలువలో నీటికి వేగం ఉంటుంది, సుడులు ఉంటాయి. మట్టిలోకి దిగిన నీరు ఒక్కో రంధ్రం వెతుక్కుంటూ నత్తలా పోతుంది. రెండు రకాల సమీకరణాలు. అన్నీ ఒకేసారి సాధించాలంటే కంప్యూటరు మొరాయిస్తుంది. అందుకని విడదీసి సాధించి, అంచు దగ్గర కలపాలి. దీన్ని ఆయన తరగతిలో చెప్పే పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు. ఇద్దరిని పిలిచి ఎదురెదురు బెంచీల మీద కూర్చోబెట్టేవారు. ఒకరు కాలువ, ఒకరు మట్టి. ఒకరి కాగితం ఇంకొకరు చూడకూడదు, మాట్లాడుకోకూడదు. మట్టి తన ఒత్తిడి ఎంతో చీటీ రాసి పంపితే, కాలువ దాన్ని బట్టి లెక్క చేసుకుని, ఇంత నీరు దిగింది అని చీటీ పంపాలి. అది అందుకుని మట్టి తన లెక్క మళ్లీ చేయాలి. మొదట్లో ఇద్దరి అంకెలకూ పొంతన ఉండేది కాదు. చీటీలు అటూ ఇటూ తిరిగేకొద్దీ తేడా తగ్గుతూ వచ్చి, చివరికి ఇద్దరూ ఒకే మాట మీదికి వచ్చేవారు. కాలువలో తగ్గిన నీరే మట్టిలో పెరిగిన నీరు. అంతవరకూ వస్తే ఆ రోజు క్లాసు అయిపోయినట్టే.

ఒక్కోసారి అంకెలు దగ్గర పడక, ఊగి ఊగి ఎక్కడికో పోయేవి. నేను మట్టిగా కూర్చున్న రోజు అదే జరిగింది. నా ఎదుటి అమ్మాయి ఒక అంకె పంపితే నేను దాన్ని పూర్తిగా నమ్మి నా లెక్కంతా మార్చేసేదాన్ని. ఆమె కూడా అంతే. సారు మా మధ్య నిలబడి నవ్వారు. "ఇద్దరూ మరీ మంచోళ్లయితే గూడ కుదరదమ్మా. కొత్త మాట సగం ఇను, పాత మాట మీద సగం ఉండు. అట్ల రా." అలా సగం సగం మారుస్తూ వచ్చేసరికి లెక్క కుదిరింది. ఈ కిటుకు పుస్తకాల్లోనూ ఉంది, దానికో పేరు కూడా ఉంది. నాకు మాత్రం సారు గొంతే గుర్తుంటుంది.

కుదరని లెక్క మీద మేం విసుక్కుంటే ఆయనకు నచ్చేది కాదు. "దాన్ని తిట్టబేడ. అది ఏందో చెప్తాండాది, నువ్వే ఇనిపించుకోలేదు," అనేవారు.

ఇక మా పొలం సంగతి. మా తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద నేల కొనుక్కుని వరి మొదలుపెట్టిన వాళ్లం. అలా వచ్చినవాళ్ల ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. కాలువను ఆనుకుని పైన మా పెదనాన్న చేను, దాని కింద పల్లంలో మా చేను. నాన్న పోయాక అమ్మే చేయించుకుంటోంది. కొన్నేళ్లుగా మా చేను చెమ్మ వదలడం లేదు. కోతలయ్యాక కూడా కాలు పెడితే దిగబడేది. ఆ తర్వాత తెల్లగా ఉప్పు పేరింది. చవుడు. నాటిన నారు నాటినట్టే ఎర్రబడిపోయేది. దీనికంతా కారణం పైచేలో పెదనాన్న పెట్టే నీళ్లేనని అమ్మ తేల్చేసింది. ఆయన్ను వరి మానెయ్యమంది. ఆయన "నీకోసం నేను జొన్నలు వేసుకోవాలా?" అన్నాడు. ఆ రోజు నుంచి అమ్మ బావగారితో మాటలు మానేసింది. పెళ్లిళ్లలో ఎదురుపడ్డా తల తిప్పుకునేది. ఇద్దరూ చేసిన పని మాత్రం ఒక్కటే: ఏటా వేసవిలో మధ్య గట్టును ఎవరికి వారు ఇంకాస్త మట్టి పోసి ఎత్తు చేసుకోవడం. అది పెరిగి పెరిగి, ఇటు నిలబడితే అటు నాటు వేసేవాళ్ల తలలు మాత్రమే కనబడేవి.

ఈ సంగతి మాటల మధ్య సారుకు చెప్పాను. అప్పటికి ఆయన రిటైరయ్యారు. నేనేదో ఓదార్పు మాట ఆశించాను గానీ ఆయన కళ్లు మెరిశాయి. "నీళ్లు యాడి నుంచి వస్తాండాయో మీ అమ్మకు ఎట్ల తెలుసు?" అన్నారు. పై నుంచే కదా సార్ అన్నాను. "పైన కాలువ గూడ ఉండాది కదమ్మా. రెండు పక్కలా అడగాల."

మొదట ఇంట్లో కూర్చునే లెక్క వేశారు. కాలువ అడుగున గీత గీసి, పైన నీరు, కింద మట్టి అనుకుని, తన కంప్యూటరు ప్రోగ్రాము నడిపారు. చక్కగా కుదిరింది. జవాబు ప్రకారం కాలువ నుంచి మా చేను దాకా వచ్చే నీరు బహు స్వల్పం. నల్లరేగడి కదా, నీటిని తొందరగా దిగనివ్వదు. అంటే తప్పు పెదనాన్నదే. ఇది అమ్మకు చెప్పి ఉంటే ఆ రోజే పంచాయితీ పెట్టించేది. సారు కొంచెం ఆగమన్నారు, చెప్పనివ్వలేదు. "స్వల్ప తాళు. నేను ఆ మట్టిని చూడనే లేదు," అన్నారు.

వేసవిలో, కాలువ ఎండి ఉన్నప్పుడు వచ్చారు. చెప్పులు, గొడుగు, తెల్ల చొక్కా. బజారు వీధుల్లో పెరిగిన మనిషి రేగడి చేలో అడుగుపెట్టడం అదే మొదలు. నాలుగడుగులు వేసి ఆగిపోయారు. నేల నెర్రెలు విచ్చి ఉంది. కాలువ కట్ట పొడవునా, కాలువ అడుగున కూడా అవే నెర్రెలు. సారు గొడుగు మూసి ఒక నెర్రెలో పెట్టి చూశారు. పిడి దాకా దిగిపోయింది. తీసి ఇంకో దాంట్లో పెట్టారు. అదీ దిగింది. ఎండలో అలా ఒక్కో నెర్రెలో గొడుగు గుచ్చుకుంటూ కట్ట మీద నడుస్తుంటే, అటుగా ట్రాక్టరు మీద పోతున్నవాళ్లు ఆపి మరీ చూశారు. అమ్మ నా చెవిలో "మీ సారుకు ఎండ దెబ్బ తగల్లేదు కదా?" అంది.

ఆయన వెనక్కి వచ్చి గట్టు మీద కూలబడ్డారు. ముఖమంతా సంతోషం. "మనం గీసిన గీత తప్పమ్మా! నీళ్లు ఈడ ఆగి, ఈడి నుంచి మట్టి అనుకున్యాం. కాలువ వదిలిన మొదటి రోజుల్లో నీళ్లు ఈ నెర్రెల్లో పారతాయి, ఇంకవు. కింద గులకరాళ్ల మొరం తగిలిందాకా పోతాయి. తర్వాత రేగడి ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి. నీళ్లు కిందనే ఇరుక్కుంటాయి. ఇంగ పల్లంలో కాక యాడ తేలతాయి?" అన్నారు. ఏళ్ల తరబడి నమ్మిన గీత తప్పని తెలిసి అంత ఆనందపడిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. వెళ్లేటప్పుడు బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి, "మూడో బెంచి వెయ్యాల!" అని అరిచారు. అమ్మ ఆ బెంచి ఏమిటని నన్ను అడిగింది.

మూడో బెంచి అంటే నెర్రెలు. అవి పూర్తిగా కాలువా కావు, పూర్తిగా మట్టీ కావు, రోజులు గడిచేకొద్దీ తామే మారిపోతాయి. ఆ లెక్క కుదరడానికి మా ఇద్దరికీ చాలా కాలం పట్టింది. రెండు చేలలోనూ చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గొట్టాలు మొరం దాకా పాతించి, లోపల నీళ్లు ఏ మట్టంలో ఉన్నాయో చూసేవాళ్లం. పెదనాన్న తన చేలో గొట్టాలకు ఒప్పుకున్నాడు, ఒక్క షరతుతో: మా అమ్మ వచ్చి వాటిని ముట్టుకోకూడదు. అమ్మది కూడా అదే షరతు.

లెక్క కుదిరాక సారు దాన్ని ఒక ప్రశ్న అడిగారు. పెదనాన్న రేపటి నుంచి వరి పూర్తిగా మానేస్తే? మా చేలో నీటిమట్టం కొంచెం దిగింది, అంతే. చవుడు వదిలేంత కాదు. ఎక్కువ నీరు కాలువదే. అమ్మ అన్నదాంట్లో కొంత నిజం ఉంది, ఆ కొంతతో చేను బాగుపడదు. ఇక మిగిలింది ఒకటే దారి: రెండు చేల మధ్య మొరం తగిలేదాకా మురుగు కాలువ తవ్వి, కింద ఇరుక్కున్న నీటిని వాగులోకి వదలడం.

అక్కడ అసలు కథ బయటపడింది. ఆ మురుగు కాలువ ఒకప్పుడు ఉండేదట. నీళ్లు పుష్కలంగా ఉన్న రోజుల్లో, నాలుగు సాళ్లు ఎక్కువ నాటుకోవచ్చని నాన్నా పెదనాన్నా కలిసి, చెరో సగం పూడ్చుకున్నారు. నీళ్లు రావడమే భాగ్యమనుకుని వలస వచ్చినవాళ్లకు, నీళ్లు పోవడానికి కూడా దారి కావాలని తోచలేదు. దాని మీదే తర్వాత గట్టు లేచింది.

ఇప్పుడు దాన్ని ఎవరి నేలలో తవ్వాలి? అమ్మ తన వైపు జానెడు కూడా ఇవ్వనంది. పెదనాన్నా అంతే. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునే ప్రశ్నే లేదు. నేను చేతులెత్తేశాను. ఈ చేను ఇంకో రెండు మూడేళ్లు ఇలాగే ఉంటే చవుడు ముదిరి ఇక దేనికీ పనికిరాకుండా పోతుంది. అమ్మకు ఆ నేల తప్ప వేరే ఆధారం లేదు, వేరే పని మీద ఆశా లేదు. సారుకు ఇదంతా ఫోనులో చెప్పి బాధపడితే, "ఎదురెదురుగా ఎందుకు కూర్చోవాలమ్మా? చీటీలు మోసేటోడు ఉంటే చాలు," అని మర్నాడే బస్సెక్కి వచ్చారు.

ఆ రోజంతా మా ఇంటికీ పెదనాన్న ఇంటికీ తిరిగారు. మా ఇల్లు ఈ వీధిలో, ఆయనది వెనక వీధిలో. అమ్మ "ఆ కాలవ పూడ్చింది ఆయనేనండీ. ఆయన వైపే తవ్వుకోమనండి," అంది. సారు ఆ మాట తీసుకుని వెళ్లారు. పెదనాన్న "మా తమ్ముడూ నేనూ కలిసే పూడ్చాం సార్. అందులో మొదట నాటేసింది ఆవిడే. అడగండి," అన్నాడు. సారు ఆ మాట తీసుకుని వచ్చారు. అమ్మ ఆయన గ్లాసులో మజ్జిగ పోసింది. తర్వాత "నాటేశాను. అయితే?" అంది.

"అయితే ఏం లేదమ్మా," అన్నారు సారు. "ఆయన దగ్గరికి పూర్తిగా పోబేడ. పొద్దున మీరు చెప్పిందానికీ ఇప్పుడు ఆయన చెప్పేదానికీ నడుమలోకి రాండి. సగమే." అవతల ఇంట్లో కూడా అదే చెప్పారు. ప్రతి రాకకూ ఈ ఇంట్లో ఒక గ్లాసు, ఆ ఇంట్లో ఒక గ్లాసు మజ్జిగ. వద్దంటే ఎవరికి కోపం వస్తుందోనని ఆయన అన్నీ తాగారు. మధ్యలో నన్ను పక్కకు పిలిచి, "లెక్క దగ్గర పడతాండాది గానీ నా పొట్ట పగిలిపోయేట్టుంది," అన్నారు. మా అమ్మ మొండితనాన్ని ఆయన ఒక్కసారి కూడా తప్పు పట్టలేదు. ఏ మాటకు ఎంత కదిలింది, ఏ మాటకు కదల్లేదు అని శ్రద్ధగా చూశారు. నాకు అప్పుడు అర్థమైంది, ఆయనకు మనుషుల మీద ఉన్న ప్రేమా, లెక్కల మీద ఉన్న ఆసక్తీ వేరు వేరు కావని.

సాయంత్రానికి తేలింది. గట్టు ఉన్నచోటే తవ్వాలి. ఇద్దరూ ఏళ్ల తరబడి పోసిన మట్టిని ఇద్దరూ ఎత్తుకోవాలి. ఎవరి చేను నుంచీ కొత్తగా పోయేది పెద్దగా లేదు. ఇంత తేలిక సంగతి పొద్దున్నే ఎందుకు తట్టలేదని నేనంటే, "తట్టింది లేమ్మా. నేను చెప్పింటే ఇద్దరూ వద్దనేటోళ్లు," అన్నారు.

ఈ వేసవిలో జేసీబీ పెట్టి తవ్వించాం. అమ్మ తన వైపు, పెదనాన్న తన వైపు నిలబడ్డారు. మాటలు మాత్రం లేవు, డ్రైవరుతోనే ఇద్దరూ చెప్పించుకున్నారు. అప్పటికే సారుకు ఒంట్లో బాగాలేదు. బళ్లారిలో చూపించుకుంటూ ఇంట్లోనే ఉన్నారు. కాలువకు నీళ్లు వదిలారని చెప్పగానే మంచం మీద లేచి కూర్చున్నారట. మా లెక్క ప్రకారం కాలువ పారిన కొద్ది రోజులకే మురుగు కాలువ గోడల నుంచి నీరు ఊరడం మొదలవ్వాలి. అది ఊరితే చేను బతికినట్టు. ఊరకపోతే మేం తవ్వింది ఉత్త గొయ్యి. "వచ్చినాయా?" అని రోజూ ఫోను. "రాలేదు సార్." "అట్లనా! ఎందుకు రాలేదు?" ఆ ఎందుకులో దిగులు ఉండేది కాదు. రస్కు గ్లాసులో పడిపోయినప్పటి ఆశ్చర్యమే ఉండేది. దిగులంతా నాదే.

ఆయన్ను చివరిసారి చూడటానికి వెళ్లినప్పుడు వాళ్ల మేడ మెట్ల మీద పాత విద్యార్థులు చాలామంది నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరూ తాము కాలువగా కూర్చున్నామో మట్టిగా కూర్చున్నామో చెప్పుకుంటున్నారు. అక్కడ ఆ మాటలు వింటూ నేను బాగా ఏడ్చాను. ఆయన నాకు చదువు చెప్పినందుకు ఒక కృతజ్ఞత. మా ఇంటి మజ్జిగ అన్ని గ్లాసులు తాగినందుకు అంతకంటే పెద్దది.

కర్మలన్నీ ముగిసిన తర్వాత ఒక పొద్దున అమ్మ ఫోను చేసి, "రా" అని పెట్టేసింది. వెళ్లాను. మురుగు కాలువ అడుగున నీళ్లు పారుతున్నాయి. సన్నగానే, కానీ ఆగకుండా. మేం వేసిన లెక్క కంటే బాగా ఆలస్యంగా వచ్చాయి. ఎందుకో నాకు ఇంకా తెలియదు. ఆయన ఉంటే నీళ్లు వచ్చినందుకు ఒకసారి సంతోషించి, ఆలస్యమైనందుకు రెండు గంటలు మాట్లాడేవారు. ఆ మాటలు ఇక నేను ఒక్కదాన్నే మాట్లాడుకోవాలి.

రెండు గోడల నుంచీ నీరు ఊరి కిందికి జారి కలిసిపోతోంది. ఏ నీరు ఏ చేనుదో చెప్పడానికి లేదు. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని లోపలికి దిగింది. వంగి దోసిలితో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుంది. వెంటనే ఉమ్మేసి, ముఖం చిట్లించి, అలాగే నిలబడిపోయింది. మా చేను ఉప్పు కడిగి బయటికి పంపుతోందని ఆమెకు నేను చెప్పక్కర్లేకపోయింది. కళ్లు తుడుచుకుంది. అవతలి ఒడ్డున పెదనాన్న తువ్వాలు భుజాన వేసుకుని ఊరికే చూస్తున్నాడు. అమ్మ తలెత్తింది.

"ఉప్పగా ఉన్నాయి. మీరూ చూడండి, బావగారూ," అంది.

ఆయన భుజాన ఉన్న తువ్వాలు తీసి తలకు చుట్టుకున్నాడు. తర్వాత చెప్పులు ఒడ్డునే విడిచి, తడి మట్టి మీద కాలు జారకుండా చూసుకుంటూ, మెల్లగా కిందికి దిగాడు.